88వ నెంబరు చొక్కా



ఈ నెల ఒక ఆటగాని సంగతి వ్రాయదలచాము. పాస్టరు గారికి ఆటలతో పని ఏమిటని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. ఇందులో ఆట కంటె ఆట ముగిసిన తరువాతి సంగతే ఎక్కువ గనుక కొంచెము ఓపికతో చదవమని మనవి.

ఆయన పేరు జాన్ మాకీ. 1941లో న్యూయార్కులో పుట్టిన నల్లజాతి అమెరికను. తండ్రి బాప్టిస్టు సంఘకాపరి. (కాపరి ఇంటి పిల్లలను ఊరంతా కనిపెట్టి చూస్తుంది. ఆ ఇబ్బంది ఎట్టిదో మా పిల్లలను అడిగితే చెబుతారు.) సిరక్యూస్ విశ్వవిద్యాలయములో చదివేటప్పుడు ఆయనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఎర్నీ డేవిస్. కాలేజీ ఆటగాళ్లలో ఉత్తమునికి ఆ దేశములో ఇచ్చే హైస్మన్ బహుమానమును పొందిన మొదటి నల్లజాతి యువకుడు అతడే. పెద్ద జట్టులో ఒక్క ఆటయైనా ఆడకముందే, 1963లో, రక్త క్యాన్సరుతో 23 ఏండ్లకే కన్నుమూశాడు. అదే సంవత్సరము మాకీ బాల్టిమోర్ కోల్ట్స్ జట్టులో చేరారు. కాలేజీలో పరిచయమైన సిల్వియాను వివాహమాడారు. ఈ సిల్వియా గారిని జ్ఞాపకముంచుకొనండి.

అమెరికా వారి ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. బంతి కోడిగ్రుడ్డు ఆకారములో ఉంటుంది. దానిని చేతితో విసురుతారు, పట్టుకొని పరుగెత్తుతారు, ఎదుటి జట్టువారు మీదపడి పడగొడతారు. జట్టుకు 11 మంది. వారిలో ఒకడు టైట్ ఎండ్. వాడు వరుస చివర నిలబడి రెండు పనులు చేయాలి. భుజముతో, ఛాతీతో ఎదుటివారిని ఢీకొని తనవారికి దారి చేయాలి. అవసరమైతే తానే పరుగెత్తి బంతి పట్టుకోవాలి. మాకీకి ముందు ఆ స్థానములో ఉన్నవారికి మొదటి పనే ఎక్కువగా ఉండేది. ఎద్దువంటి బలముతో లేడివంటి పరుగు ఒకే మనిషిలో ఉండుట వారు ఎక్కువగా చూడలేదు.

కబడ్డీలో కూతకు వెళ్లిన వాడు, కాళ్లకు నలుగురు చుట్టుకొన్నా వారిని ఈడ్చుకొంటూ గీత ముట్టడం మీరు చూసే ఉంటారు. మాకీ పరుగు అటువంటిది. 1966లో డెట్రాయిట్ జట్టుమీద ఆయన ఒకరి తరువాత ఒకరిని విదిలించుకొంటూ పరుగెత్తిన పరుగును ఆ దేశములో చాలాకాలము చెప్పుకొన్నారు. ఆ సంవత్సరము ఆయన బంతితో గోలు గీత దాటినవి 9 సార్లు. అందులో 6 సార్లు 50 గజములు, అంతకు మించిన దూరమునుండి! పది సంవత్సరముల ఆటలో 139 పోటీలు ఆడారు. మానినది ఒక్కటే. 331 సార్లు బంతి పట్టారు, 5,236 గజములు సంపాదించారు, 38 సార్లు గీత దాటారు. 1971 జనవరిలో మయామీలో జరిగిన సూపర్ బౌల్‌లో బంతి ఇద్దరి చేతులకు తగిలి ఎగిరి ఆయన చేతిలో పడింది. ఆయన దానితో గీత దాటగా ఆ ఒక్క పాసు 75 గజములైంది. 16కు 13తో బాల్టిమోర్ గెలిచింది.

ఒక్క పోటీ మాత్రమే మానారంటే, తలకు దెబ్బ తగిలి కండ్లు బైర్లు కమ్మిన దినములలో కూడ ఆడారన్నమాట. ఆ కాలములో దానిని మగతనముగా ఎంచేవారు.

రెండు లీగులు కలిసిపోయిన 1970లో ఆటగాళ్ల సంఘమునకు మాకీ అధ్యక్షులయ్యారు. ఆ ఏడే సమ్మె చేసి పింఛను, భీమా సౌకర్యములు పెంచుకొన్నారు. అప్పట్లో ఒక నియమముండేది. ఒప్పందము ముగిసిన ఆటగాడు వేరొక జట్టుకు పోతే, ఆ కొత్త జట్టు పాత జట్టుకు నష్టపరిహారమియ్యాలి. ఎంతో తేలకపోతే లీగు కమీషనరు నిర్ణయిస్తారు. పీట్ రోజెల్ అనే ఆ కమీషనరు పేరుమీదనే దానిని రోజెల్ నియమమనేవారు. ఆ భయముతో ఎవరూ ఎవరినీ పిలిచేవారు కారు. అప్పు తీరినా యజమాని గడప దాటనియ్యని పాలేరు బ్రతుకువంటిదే, జీతము మాత్రము ఎక్కువ. మాకీ, మరికొందరు ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. 1976లో అప్పీలు కోర్టు ఆ నియమము చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికి మాకీ ఆట మాని నాలుగేండ్లు. ఆ తీర్పువలన ఆయనకు ఒక్క పోటీకూడ కలిసిరాలేదు.

లీగు మొదటి 50 ఏండ్లలో ఉత్తమ టైట్ ఎండ్‌గా 1969లోనే ఎంపికైన మనిషి. అయినను గొప్ప ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు కొరకు 1992 వరకు, అనగా అర్హత గడువులో ఆఖరి సంవత్సరము వరకు, కనిపెట్టవలసి వచ్చింది. సంఘము తరఫున యజమానులతో పోరాడినందుకే ఈ ఆలస్యమని చాలమంది అభిప్రాయము. మా అభిప్రాయమూ అదే. కోల్ట్స్ జట్టును 1984లో యజమాని ఇండియానాపోలిస్‌కు తరలించివేశారు గనుక, ఆ గౌరవపు ఉంగరమును మాకీ ఆ ఊరిలో పుచ్చుకొనలేదు. బాల్టిమోర్‌లోనే పుచ్చుకొన్నారు.

తరువాత మరపు వచ్చింది. మొదట చిన్న చిన్న సంగతులు, పిమ్మట మనుషులు. స్వభావము కూడ మారిపోయింది. మెదడు ముందుభాగమును క్షీణింపజేసే జబ్బు అని వైద్యులు చెప్పారు. మేము గృహదర్శనములకు వెళ్లినప్పుడు ఇటువంటి పెద్దలను చూస్తూనే ఉన్నాము. ఇంటివారు చాదస్తమంటారు, మొండితనమంటారు, కొందరు గ్రహచారమని మంత్రగాని యొద్దకు తీసికొనిపోతారు. అది జబ్బు, ప్రియులారా. కాలు విరిగితే ఎట్లు జబ్బో ఇదీ అట్లే.

ఒకసారి విమానాశ్రయములో తనిఖీవారు చేతి ఉంగరములు తీయమన్నారు. ఒకటి సూపర్ బౌల్ గెలిచినది, మరియొకటి హాల్ ఆఫ్ ఫేమ్‌ది. మాకీ తీయలేదు. కాదని ముందుకు సాగిపోగా కాపలావారు మీదపడి పడగొట్టవలసి వచ్చింది. సిల్వియా గారు పక్కనే ఉండి చూశారు. ఒకప్పుడు ఆయనను పడగొట్టబోయిన వారిని చూసి స్టేడియమంతా లేచి నిలుచున్నది, ఇప్పుడు పడగొడుతూ ఉంటే ఆపమని వేడుకొనుటకు ఆమె ఒక్కరే.

పింఛను నెలకు 2,500 డాలర్ల లోపే. అక్కడి సంరక్షణాలయముల ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు. వైద్య భీమా కొరకు సిల్వియా గారు యాభై దాటిన వయసులో ఎయిర్ హోస్టెస్ ఉద్యోగములో చేరారు. మనవలను ఆడించవలసిన వయసులో విమానములో భోజనపు ట్రేలు అందించారు. 2006లో, అప్పటి కమీషనరు పాల్ టాగ్లియబూ గారికి మూడు పేజీల ఉత్తరము వ్రాసి, తన భర్తకు జరుగుచున్నదేమిటో దాపరికము లేకుండ తెలియజేశారు.

ఆ ఉత్తరము పని చేసింది. 2007లో లీగు, ఆటగాళ్ల సంఘము కలిసి ఒక సహాయ నిధి ఏర్పాటు చేశాయి. మరపు జబ్బు వచ్చిన మాజీ ఆటగానికి సంరక్షణాలయములో ఉంటే ఏడాదికి 88,000 డాలర్ల వరకు (అప్పటి మన రూపాయలలో సుమారు 36 లక్షలు), ఇంటియొద్దనే ఉంటే 50,000 వరకు. 88 ఎందుకనగా మాకీ చొక్కామీది నెంబరు అది. అందుకే దాని పేరు 88 ప్లాను. ఒక భార్య ఉత్తరము ఎన్నో ఇండ్లకు ఆధారమైంది. ఆ ఇండ్లలో చాలవాటి తలుపు వెనుక ఇటువంటి మరియొక సిల్వియా ఎవరికీ చెప్పుకొనలేక కూర్చుని యుండెను.

అయితే ఆ నిధి పెట్టిన దినములలో, ఆటలో తగిలిన దెబ్బలకూ ఈ జబ్బుకూ సంబంధమున్నదని లీగు ఒప్పుకొనలేదు. డబ్బు ఇచ్చారు గాని తప్పు మాదని అనలేదు.

మాకీ 2011 జులై 6న బాల్టిమోర్‌లో తన 69వ ఏట మరణించారు. ఆయన మెదడును కుటుంబమువారు బోస్టన్ విశ్వవిద్యాలయ వైద్యులకు అప్పగించారు. పదే పదే తలకు తగిలిన దెబ్బలవలన కలిగే వ్యాధి అందులో ఉన్నదని పరీక్షలో తేలింది. ఫుట్‌బాల్‌కూ ఆ వ్యాధికీ సంబంధమున్నదని లీగు అధికారి ఒకరు అమెరికా చట్టసభ సభ్యుల యెదుట ఒప్పుకొన్నది 2016 మార్చిలో. ఉత్తరము వ్రాసి అప్పటికి పదేండ్లు.