దిద్దుబాటును వాయిదా వేయరాదు

“చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు” అను సామెతను మన విద్యార్థులు వ్యాసములలో తరచుగా వ్రాయుచుందురు. పెద్దలమైన మేము దానిని నడవడిలో వ్రాసి చూపుచున్నాము. గత అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఎక్కించుచుండగా మా కంప్యూటరు గదిలోని యంత్రము, దిద్దుబాటు వచ్చియున్నది, ఇప్పుడు చేయవలెనా అని యడిగెను. “తరువాత” అని నొక్కితిమి. మరునాడు మరల నడిగెను. మరల “తరువాత” యనియే నొక్కితిమి. ఇట్లు మూడు వారములు గడచెను. కీడేమియు కలుగలేదు గాని, అది మా అదృష్టమే. ఇట్టి “తరువాత”కు చెల్లింపవలసిన వెల యెంతయో 2017వ సంవత్సరమున లోకమునకు తెలియవచ్చెను.

ఆ యేడు మే 12వ తేదీన “వన్నాక్రై” అను కంప్యూటరు పురుగు బయలుదేరి, కొలది దినములలోనే సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైబడిన యంత్రములను పట్టుకొనెను. యంత్రములోని ఫైళ్లను ఎవరును చదువలేని రీతిగా మార్చివైచి, 300 డాలర్లు చెల్లించినగాని విడువనని తెరమీద వ్రాసెను. ఇంగ్లండులో 236 ఆసుపత్రి ట్రస్టులలో మూడవ వంతు చిక్కున బడగా, రోగుల శస్త్రచికిత్సలు సైతము నిలిచిపోయెను. ఇది దూరదేశపు వార్త యని తలపరాదు. మన రాష్ట్ర పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలకు చెందిన 18 విభాగములలోని కంప్యూటర్లు కొన్ని దాని వాత బడెను. మన నూజివీడు అప్పటికి కృష్ణా జిల్లాలోనిదే. ఏలూరు జిల్లాలో చేరుట 2022లో జరిగినది.

ఇంతటి యనర్థమునకు మూలము ఒక లెక్కల తప్పు. విండోసు అను ఆపరేటింగు సిస్టములో, ఒక యంత్రమునందలి ఫైళ్లను మరియొక యంత్రము నెట్‌వర్కు ద్వారా చదువుకొనుటకు తోడ్పడు భాగమొకటి కలదు. దానిని ఎస్‌.ఎం.బి. యందురు. బయటి యంత్రము పంపిన జాబితాను ఇది పాత పద్ధతినుండి క్రొత్త పద్ధతికి మార్చి, మెమరీలో దానికి తగిన చోటు చూచి వ్రాసికొనవలెను. జాబితాలో చెల్లని యంశమున్నచో మొత్తము కొలతను తగ్గించి దిద్దవలెను. అట్లు దిద్దునప్పుడు ఆ సంఖ్యలో క్రింది సగము మాత్రమే మారి, పై సగము పాతదే నిలిచిపోయెడిది. 10,100ను 9,900గా దిద్దవలసిన గుమాస్తా చివరి నాలుగంకెలను మాత్రము మార్చి, ముందున్న ఒకటిని మరచెననుకొనుడు. పుస్తకములో 19,900 నిలుచును. తగ్గవలసినది పెరుగును.

చోటు చిన్న లెక్కకు తగినంత, పోయునది పెద్ద లెక్క. మూడు వందల కాయలు పట్టు గంపలో ఆరు వందలు పోసినచో మిగిలినవి ప్రక్క గంపలోనికి దొరలిపోవునని మామిడితోటల పిల్లలకు మేము చెప్పనక్కరలేదు. మెమరీలో ప్రక్క గంపయందున్నది యంత్రము ముందు చేయబోవు పనికి సంబంధించిన సమాచారము కావచ్చును. ఎట్టి కాయలు దొరలవలెనో ముందే యేర్చి పంపిన దుర్మార్గుడు ఆ సమాచారమును మార్చి, యంత్రమునకు తానే యజమాను డగును. పాస్‌వర్డుతో పనిలేదు, ఇంటివారెవరును ఏమియు నొక్కనక్కరలేదు.

ఈ లోపమును అమెరికా జాతీయ భద్రతా సంస్థ ముందుగనే కనిపెట్టి, తయారీదారునకు చెప్పక, గూఢచర్యమునకు వాడుకొనెను. మైక్రోసాఫ్టు సంస్థ దిద్దుబాటును 2017 మార్చి 14న విడుదల చేసెను. దొంగిలింపబడిన ఆ రహస్యము ఏప్రిల్ 14న బట్టబయలయ్యెను. పురుగు వచ్చినది మే 12న. నడుమ 59 దినములు! చెడిన యంత్రములలో అత్యధికము విండోసు 7 గలవే. వానికి దిద్దుబాటు సిద్ధముగా నుండెను.

తప్పు చేసిన తయారీదారుని మేము వెనుకవేసికొని రాము. పొరుగువాని గడియ చెడినదని యెరిగియు చెప్పక, చాటుగా దూరుటకు దానిని వాడుకొన్న వానిని కావలివాడనుట మాకు సమ్మతము గాదు. కాని వారిని దిద్దుట మన చేతిలో లేదు. మన యంత్రమును దిద్దుట మన చేతిలోని పని.

“మా యంత్రములో నేమున్నది, దొంగ యేమి కొనిపోవును?” అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడిగిరి. పూతకాలమున తేనెమంచు పురుగునకు మందు చల్లని తోట తన పూతతోపాటు ప్రక్క తోట పూతకును చేటు తెచ్చును. వన్నాక్రైయు అట్టిదే: ఒక యంత్రమున జొచ్చి, ప్రక్క యంత్రములను తానే వెదకికొనెను. పైగా పాఠశాల యంత్రములో పిల్లల పుట్టిన తేదీలు, మార్కులు, మీ ఫోను నంబర్లు ఉండును.

పాత యంత్రములకు దిద్దుబాట్లే రావను ఫిర్యాదు మాత్రము న్యాయమైనది. విండోసు 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. క్రొత్తవి కొనుటకు సొమ్ము చాలని పాఠశాలలు ఉచితముగా లభించు లినక్సు వైపు చూడవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు అట్లే చేసినవి. దానికిని దిద్దుబాట్లు వచ్చుచునే యుండును. అదియు కుదరనిచో అట్టి యంత్రమును నెట్‌వర్కునుండి తప్పించి యుంచుట మేలు.

మా సూచన యిది. మైక్రోసాఫ్టు ప్రతి నెల రెండవ మంగళవారమున దిద్దుబాట్లు విడుదల చేయును. ఆ వారపు శుక్రవారము సాయంత్రమును వానికై కేటాయింపవలెను. మార్కుల ప్రతి నొకదానిని వేరు డిస్కులో నెక్కించి, దానిని యంత్రమునుండి విడదీసి బీరువాలో నుంచవలెను. జరిగిన పనిని ఒక నోటుపుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను.

విద్యార్థులారా, 2008లో స్థాపింపబడిన మన నూజివీడు ట్రిపుల్ ఐటీలో మీలో కొందరు చేరి, ప్రోగ్రాములు వ్రాయుదురు. బయటివాడు చెప్పిన కొలతను నమ్మక, మీరే కొలిచి పోయుడు. అంతవరకు ఈ నోటుపుస్తకమును మీరే తనిఖీ చేయుడు. అందులో మొదటి సంతకము మాదే. తేదీ మూడు వారములు ఆలస్యముగా నున్నది.