అద్దాల పని, అచ్చు పుస్తకం

బందరు అనగానే మనకు లడ్డూ, కలంకారీ, చిలకలపూడి గిల్టు నగలూ గుర్తుకు రావడం సహజం. అయితే శాస్త్ర పరికరాలు తయారుచేయడానికి 1926లోనే అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలిసిందంటే ఆశ్చర్యపోయేవారు గుడివాడలోనే బోలెడుమంది! 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తీసుకున్నారు. చీకట్లో చూపు ఆనే పరికరాలు ఇవాళ అక్కడ తయారవుతున్నాయి.

మొన్న బందరు పాసింజరులో నా ఎదుట ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన ఏదో ఊళ్లో కటకాలు అరగదీసి అరగదీసి రిటైరైన పెద్దమనిషి. రెండోవాడు అదే పనిలో కొత్తగా చేరిన అవనిగడ్డ కుర్రవాడు. 1977 నవంబరు 19 ఉప్పెన కథలు వింటూ పెరిగాడట. ఆ తరువాత బందరులో పెట్టిన తుఫాను రాడారును చూపించడానికి నాన్న తీసుకువెళ్లినప్పుడే యంత్రాల పిచ్చి పట్టుకుందట.

"బాబాయ్, ఈ నెలలో ఇంకో రెండు కటకాలు తిరిగొస్తే నా ఉద్యోగం ఖాయం చెయ్యరు. పరీక్ష పలక పెట్టి చూస్తే రంగు వలయాలు సరిగ్గానే ఉన్నాయి. అరగంట పోయాక చూస్తే తప్పాయి!"

"చేత్తో పట్టుకుని చూశావా?"

"పట్టుకోక!"

"అదేరా అబ్బాయ్. నీ చేతివేడికి గాజు ఉబ్బింది. చల్లారాక కనిపించిందే నిజం."

ఆకుపచ్చ వెలుగులో ఒక్క వలయం తేడా అంటే మిల్లీమీటరులో దాదాపు 3,600వ వంతు. అంత సున్నితపు కొలత ముందు అరచేయి కుంపటితో సమానం కాదూ? కుర్రవాడు న్యూటన్ వలయాల మీద పరీక్షలో పది మార్కుల జవాబు రాశాడట. అరచేతి సంగతి మాత్రం ఆ జవాబులో లేదు. మన చదువుల తీరు చిత్తగించండి!

పెద్దాయన ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాడు కాడు. యాకొవ్ పెరెల్మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' తెలుగులో చదివాడు. వరసగా చదవనక్కరలేని పుస్తకమది. భోజన విరామంలో ఒక ప్రశ్న చాలు. మంచుగడ్డను కటకంగా మలిచి ఎండతో నిప్పు రాజేసే ముచ్చట కూడా పెరెల్మాన్ చెబుతాడు. దివిసీమ ఎండలో మంచుగడ్డ ఎంతసేపు నిలుస్తుందనేది వేరే సంగతి! రాసినాయన 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలికి పోయాడు.

కుర్రవాడు చదువుతున్నది నండూరి రామమోహనరావుగారి 'విశ్వరూపం'. ఇది నక్షత్రాల పుస్తకం, పనికి సూటిగా అక్కరకు రాదు. కాని నా ఓటు దీనికే. రోజంతా అరచేతిలో పట్టే గాజుబిళ్లతో తంటాలు పడేవాడికి, అటువంటి బిళ్ల గుండానే మనిషి ఎంతదూరం చూడగలిగాడో తెలియాలి. లేకపోతే ఆ అరగంట చల్లారేదాకా ఆగే ఓపిక ఎక్కడనించి వస్తుంది?

దిగేముందు పుస్తకాలు మార్చుకున్నారు. పెద్దాయన ఇచ్చిన ప్రతికి అట్ట లేదు. అంచుల నిండా పెన్సిలుతో కటకాల కొలతలున్నాయి.

"చెరిపేయకు. అవి కూడా చదువు," అన్నాడు.