మాత్ర ఒకటే, మందులు మూడు

బెళుగుప్ప మండలంలో చెనిక్కాయ పీకే రోజుల్లోనైనా, ఎండాకాలం ఉపాధి పనుల్లోనైనా కూలీలు పొద్దు పొడవక ముందే ఇల్లు కదులుతారు. సద్ది మూట వెంట ఉంటుంది గానీ దాన్ని విప్పేది ఎండ ముదిరాకే. షుగర్ ఉన్నవాళ్ల చీటీ మీద 'టిఫినుకు ముందు ఒకటి' అని రాసి ఉంటుంది. మర్చిపోతామన్న భయంతో ఆ మాత్రను గడప దాటేటప్పుడే మింగేస్తారు. మాత్రకూ తిండికీ మధ్య గంటల తరబడి రెక్కల కష్టం. ఆ మాత్రలో గ్లిమెపిరైడ్ అనే మందు ఉంటే ఆ గంటలే ప్రాణం మీదికి తెస్తాయి.

ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలపడం తప్పని మేం అనడం లేదు. షుగర్ ఏళ్లు గడిచేకొద్దీ ముదిరే జబ్బు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, జబ్బు బయటపడిన తొమ్మిదేళ్లకు నలుగురిలో ముగ్గురికి ఒక్క మందు చాలలేదు. రెండో మందు అవసరమైనప్పుడు దాన్ని మొదటిదానితో కలిపి ఇస్తే రోగి మింగే మాత్రల సంఖ్య తగ్గుతుంది, మానేయడమూ తగ్గుతుంది. ఇది చదివి ఎవరూ తమంతట తాము మాత్ర ఆపవద్దు. మా అభ్యంతరమల్లా ఒకటే: లోపల ఏముందో మింగేవాడికి తెలియకుండా ఆ మాత్ర చేతికివ్వడం.

ఇలాంటి మాత్రల్లో ఉండే మెట్‌ఫార్మిన్ కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది. ఒక్కదాన్నే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ తీరు వేరు. మనిషి తిన్నాడా లేదా అన్నదానితో దానికి పని లేదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. దాని ప్రభావం ఇంచుమించు రోజంతా ఉంటుంది. ఒక్కపొద్దు ఉన్న రోజైనా, రంజాన్ రోజా అయినా, కూలి దొరికిన తొందరలో సంగటి ముట్టని పొద్దైనా దానికి ఒకటే. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, మాట తడబడటం, ఇవన్నీ పొలంలో ఎండదెబ్బ లాగే కనిపిస్తాయి. తోటివాళ్లు నీడకు చేర్చి మొహాన నీళ్లు చల్లుతారు. ఆ మనిషికి కావలసింది చక్కెర అని తట్టదు.

తట్టినా చాలని సందర్భం ఒకటుంది. ఇప్పుడు ధారాళంగా రాస్తున్న మూడు మందుల మాత్రల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోజ్ ఉంటోంది. పేగుల్లో పిండిపదార్థం, చక్కెర విడిపోకుండా అడ్డుకోవడమే వోగ్లిబోజ్ పని. అది వేసుకున్నవాడికి షుగర్ పడిపోయినప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టినా, పంచదార నీళ్లు తాగించినా రక్తంలోకి త్వరగా చేరదు. గ్లూకోజ్ పొడే కావాలి. మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి, ఆ తర్వాత తిండి పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నా, ముఖ్యంగా ముసలివాళ్లను, ఆస్పత్రిలో ఒక రోజు కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఈ నాలుగు మాటలు చీటీ రాసినవారు చెప్పాలి, మందులిచ్చినవారు చెప్పాలి. చెప్పేవాళ్లు ఎంతమంది?

రెండో ప్రమాదం మాత్రల సంచిలోనే ఉంది. 104 సంచార వైద్య వాహనం వచ్చినప్పుడు ఇచ్చే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఒక పక్క, కళ్యాణదుర్గంలోనో అనంతపురంలోనో ప్రైవేటు డాక్టరు రాసిన కంపెనీ మాత్ర మరో పక్క. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి మందులు అవే. రెండూ మింగితే మోతాదు రెట్టింపు. దీనికితోడు ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు. ఒంట్లో నీరు ఎండిన వేళ అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అప్పుడు మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది, గ్లిమెపిరైడ్ ప్రభావం ఇంకా సాగుతుంది. మూత్రపిండాల పనితీరు చూపే ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి దిగితే మెట్‌ఫార్మిన్ వాడనే కూడదు, 45 కిందికి దిగితే మోతాదు మళ్లీ ఆలోచించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మెట్‌ఫార్మిన్‌నూ, మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్‌నూ డాక్టరును అడిగి తాత్కాలికంగా ఆపాలి. కరువు సీమలో మే నెల ఎండలో పనిచేసేవాడికి ఇది మరీ అవసరమైన జాగ్రత్త.

చట్టం లేదనడానికి వీల్లేదు. గ్లిబెన్‌క్లమైడ్ (గ్లిమెపిరైడ్ కోవదే), మెట్‌ఫార్మిన్ వంటి మందులు ఔషధ నియమాల్లోని షెడ్యూల్ జీలో ఉన్నాయి. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వాడితే ప్రమాదమన్న హెచ్చరిక అట్ట మీద అచ్చువేయాలి. వేస్తున్నారు, ఇంగ్లీషులో, భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో. 2018 సెప్టెంబరులో కేంద్రం 328 కలగలుపు మందులను నిషేధించింది. గ్లిమెపిరైడ్, పయోగ్లిటాజోన్, మెట్‌ఫార్మిన్ కలిపిన కొన్ని షుగర్ మాత్రలు ఆ జాబితాలో ఉన్నాయి. అనుమతి లేని మరో 35 కలగలుపుల తయారీ, అమ్మకం ఆపించాలని 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ రాష్ట్రాలను ఆదేశించింది. ఢిల్లీలో గీసిన గీత ఉరవకొండ దాటి పల్లె మందుల దుకాణం దాకా రావాలంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు అక్కడికి వెళ్లాలి. చీటీ లేకుండా షుగర్ మాత్ర అమ్మడాన్నీ, రాసినది లేదని బలం వేరైన మరో మాత్ర అంటగట్టడాన్నీ నేరంగానే చూడాలి.

అరవై దాటినవారికీ, వేళకు తిండి దొరకని కూలీలకూ మెట్‌ఫార్మిన్ చాలనప్పుడు అలవాటుగా గ్లిమెపిరైడ్ జోడించడం ఆగాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం. గ్లిమెపిరైడ్ కోవకే చెందిన గ్లిబెన్‌క్లమైడ్ వృద్ధులకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే రాసింది. గ్లిప్టిన్లు అనే మరో రకం షుగర్ మందులు మెట్‌ఫార్మిన్‌తో కలిసినప్పుడు షుగర్ అలా పడిపోయే ముప్పు చాలా తక్కువ. ఖరీదు ఎక్కువన్న సాకు పాతబడింది. విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో ముగిశాయి. 2022లోనే టెనెలిగ్లిప్టిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది, సిటాగ్లిప్టిన్-మెట్‌ఫార్మిన్ జంట మాత్రలు పది 65 రూపాయలకు జనౌషధి దుకాణాల్లోకి వచ్చాయి. గ్లిమెపిరైడ్ ఇంకా చవక, నిజమే. స్పృహ తప్పిన తండ్రిని అనంతపురం తీసుకెళ్లి వార్డులో పెట్టిన కుటుంబం ఆ లెక్కను ఒప్పుకోదు.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ సర్కారు ఆస్పత్రులకు కొనే మందుల్లో ఒక గ్లిప్టిన్ కొరత లేకుండా పల్లె క్లినిక్ దాకా చేరాలి. 104 వాహనం వచ్చిన ప్రతిసారీ రోగి తన దగ్గరున్న మాత్రలన్నీ, ప్రైవేటువీ సర్కారువీ, బల్ల మీద పరచాలి. ఏ మాత్రలో ఏ మందు ఉందో, ఏది తిండితో వేసుకోవాలో, తినని పూట ఏది మానాలో ఒకే పుస్తకంలో తెలుగులో రాసివ్వాలి. ఏడాదికొకసారి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేసి ఆ అంకె కూడా అందులోనే ఎక్కించాలి. చదవడం రానివారికి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త చదివి వినిపించాలి, ఇంట్లో మరొకరికి కూడా. ఆ ఇంటికి ఒక గ్లూకోజ్ పొట్లం కూడా ఇవ్వాలి, పనికి పోయేటప్పుడు సద్ది మూటలో పెట్టుకోవడానికి.