ఎనిమిదికి ఏడు కలిసినా చాలు, దారి మూయకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,

రక్త క్యాన్సర్ వార్డులో రోగుల కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. అక్యూట్ లుకేమియా కీమోతో అదుపులోకి వచ్చినా, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లను డాక్టర్లు మూలకణ మార్పిడి చేయించుకోమంటారు. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ "మా రక్తం తీసుకోండి" అంటూ చేతులు చాపుతారు. కలవాల్సింది బ్లడ్ గ్రూపు కాదు, కణాల మీది గుర్తులైన హెచ్‌ఎల్‌ఏ అని వాళ్లకు చెప్పాలి.

ఆ పరీక్ష రిపోర్టులో ఎ, బి, సి, డిఆర్‌బి1 అని నాలుగు వరుసలు. ఒక్కో వరుసలో అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి, మొత్తం ఎనిమిది. తోబుట్టువుతో ఎనిమిదీ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. ఇక బయటి దాత. 2014లో అమెరికా దాతల రిజిస్ట్రీపై వచ్చిన అధ్యయనం ప్రకారం, యూరప్ మూలాల తెల్లవాళ్లలో 75 శాతం మందికి పూర్తిగా కలిసే దాత దొరికే వీలుంటే, దక్షిణాసియా మూలాలవాళ్లలో సుమారు మూడో వంతుకే ఆ వీలుంది. ప్రపంచంలో 4 కోట్లకు పైగా దాతలు నమోదైతే, అందులో మన దేశం వాటా లక్షల్లోనే ఉంది.

ఆ మధ్య ఒక తండ్రి రిపోర్టు మీద వేలు పెట్టి ఒక్కో గడి లెక్కపెట్టుకున్నాడు. "ఏడు కలిశాయి కదమ్మా, ఒక్కటే కదా తేడా?" అన్నాడు. ఒకప్పుడు ఆ ఒక్క తేడాకే డాక్టర్లు జంకేవారు. దాత కణాలు రోగి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేసే ప్రమాదం అంతగా పెరిగేది.

ఆ లెక్కను మార్చింది సైక్లోఫాస్ఫమైడ్. 1959 నుంచి వాడుకలో ఉన్న పాత, చవక మందు. మార్పిడి జరిగిన మూడో రోజు, నాలుగో రోజు ఇస్తారు. రోగి ఒంటిని పరాయిదిగా చూసి అప్పటికే వేగంగా పెరుగుతున్న దాత టి కణాలు దానికి దొరికిపోతాయి. మూలకణాల్లో ఆ మందును విరిచేసే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి అవి బతుకుతాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు సగమే కలిసిన బంధువుల విషయంలో దీన్ని నిలబెట్టారు. తర్వాత ఇదే మందుతో అమెరికాలోనే పూర్తిగా కలవని బయటి దాతలతో, రక్త క్యాన్సర్లున్న 80 మందికి మార్పిడి చేశారు. కొందరికి ఎనిమిదిలో నాలుగే కలిశాయి. 2021లో ఫలితాలు వచ్చాయి: ఏడాది తర్వాత 76 శాతం మంది బతికున్నారు. ఇన్ఫెక్షన్ల భయం, జబ్బు తిరగబెట్టే భయం పోలేదు. అయినా ఇది ఆశ పెట్టుకోదగ్గ లెక్క.

అమ్మానాన్నలు సగం కలుస్తారు కదా, వాళ్లే ఇవ్వొచ్చు కదా అని మీ అధికారులు అడగొచ్చు. ఇస్తున్నారు, మంచిదే. కానీ రోగికి యాభై ఏళ్లయితే ఆ అమ్మానాన్నల వయసెంత? పోనీ పిల్లలు ఇద్దామన్నా, కాన్పులైన స్త్రీ ఒంట్లో వాళ్ల హెచ్‌ఎల్‌ఏకు విరుద్ధంగా యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. అప్పుడు కన్నకొడుకు కణాలు కూడా నిలవకపోవచ్చు. అలాంటి తల్లికి, ముక్కూమొహం తెలియని పాతికేళ్ల కుర్రవాడి కణాలే దిక్కు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేదవాణ్ణి పెద్దాసుపత్రి గడప ఎక్కించింది. ఇప్పుడు ఆ పథకంలో మూలకణ మార్పిడికి దాత పూర్తిగా కలవాలన్న షరతు ఎక్కడా లేకుండా చూడండి. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, రిజిస్ట్రీలో వెతుకులాట, దాత నుంచి కణాలు సేకరించి తెచ్చే ఖర్చు, అన్నీ ప్యాకేజీలోనే భరించండి. తేడా ఎంతవరకు ఒప్పుకోవాలో డాక్టర్ల కమిటీకి వదిలేయండి. ఆ ఖర్చు కోసం ఫోన్లలో బిడ్డ ఫొటో పెట్టి చందాలడిగే దుస్థితి ఏ తండ్రికీ వద్దు.

డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో నమోదు శిబిరాలు పెట్టించండి. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే నమూనా వచ్చేస్తుంది. పిలుపు వస్తే ఎక్కువ మంది ఇవ్వాల్సింది, కొన్నాళ్ల ఇంజెక్షన్ల తర్వాత, యంత్రం పక్కన కొన్ని గంటలు. వెన్నెముకలోంచి ఏదో లాగేస్తారన్న భయాన్ని తెలుగులో, ప్రభుత్వ ముద్రతో, పోగొట్టండి.

జబ్బు అదుపులో ఉండే ఆ కొద్ది నెలల్లోనే మార్పిడి జరగాలి. ఫైలు అంతకాలం ఆగితే రోగి ఆగలేడు. ఉత్తర్వు ఈ ఆర్థిక సంవత్సరంలోనే ఇవ్వండి.

భవదీయురాలు,
ఒక కౌన్సెలర్, హైదరాబాద్