యంత్రముపై గుడ్డ

కృష్ణ యొడ్డుననున్న సోమశిల వారికి కాగితము విలువ నొకరు బోధింప బనిలేదు. శ్రీశైల జలాశయము నిండినప్పుడు ఈ తీరమున పల్లెలు, పొలములు, గుడులు నీట గలిసినవి. నిర్వాసిత కుటుంబమున కొక యుద్యోగము చొప్పున నిచ్చుటకు 1986లో 98వ సంఖ్యగల యుత్తరువు వెలువడినది. అది మొదలు ఆ గృహస్థులు నేర్చిన సత్య మొక్కటే: భూమి మునిగినను కాగితము మునుగరాదు. విన్నపమునకు నకలు, ఆ నకలునకు మఱియొక నకలు!

నేడు పరీక్షల దరఖాస్తులు, హాలుటిక్కెట్లు, భూమి వివరములు కంప్యూటరున వచ్చుచున్నవి. కచేరీలు మాత్రము కాగితమునే యడుగుచున్నవి. ఒక్క పుటకై పల్లెవాడు బస్సెక్కి కొల్లాపురమునకు బోవలసియున్నది. మే మొక గ్రంథాలయమున ముద్రణయంత్రముపై గుడ్డ కప్పియుండుట జూచితిమి. ఏమని యడుగగా, సిరాకు నిధులు లేవనిరి. ఎదుటి యంగడిలో విద్యార్థులు బారులు దీరియుండిరి. ఇది పొదుపు కాదు. వ్యయమును సంస్థ తలనుండి పేదవాని తలపైకి ద్రోయుట.

గ్రంథాలయము పుస్తకములకే గాని ముద్రణమునకు గాదని కొందఱందురు. చదువరి కాలమును గాపాడుట గ్రంథాలయ ధర్మమని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. 1935లో ఈ కృష్ణ కాలువపైననే పుస్తకములు పడవ యెక్కి పాఠకుని వెదకికొని పోయినవి. అట్టి దేశమున, యంత్రమునుండి బల్లమీదికి ఒక్క కాగితము రాలేదా?

ఉచితమన్న దుబారా యగునని మఱికొందఱందురు. ఇందు సగము సత్యము కలదు. కావుననే సర్వము నుచితముగా నిండని మేము కోరము. దుబారాకు మూలము పేదఱికము గాదు, ఏర్పాటు లేమి. ఎన్ని పుటలో తెలియక మీట నొక్కుదురు. ముద్రించినది మఱచి పోవుదురు. పుటల సంఖ్యయు రుసుమును ముందే చూపుడు. చదువరి వచ్చి నిలిచిన పిదపనే యంత్రమును గదల్పుడు. ఇరువైపుల నచ్చువేసినచో 500 కాగితముల కట్ట 1000 పుట లిచ్చును. రంగులు అవసరమైననే వాడుడు. కాగితము, సిరా, మరమ్మతు, ఈ మూడింటి ఖర్చే రుసుము కావలెను, లాభము వలదు. యంత్రము చెఱచిన పుటకు చదువరి నడుగరాదు. దినమునకు కొన్ని పుటలు విద్యార్థులకు, పేదలకు నుచితముగా నీయవలెను. దానికి పేదఱికపు ధ్రువపత్రము నడుగవలదు. ఆ పత్రమునకును మరల నకలు కావలయును గదా!

మిగిలిన వ్యయ మెవరిదందురా? 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలగుచున్నది. వేయి రూపాయల పన్ను గట్టువాడు 80 రూపాయలు ముందే చెల్లించినాడన్నమాట. అట్టివానిని యాచకునిగా జూచుట యన్యాయము. వసూలైన సొమ్మును స్థానికసంస్థలు సకాలమున జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. గ్రంథాలయములు నెలనెలా ముద్రణపు జమాఖర్చులను గోడపై నంటింపవలెను. లెక్క చూచినవాడు దుబారా చేయుటకు వెనుదీయును. లెక్క చూపినవాడు నిధు లడుగుటకు వెనుదీయడు.

ఊళ్లను నీటి కర్పించినవారి బిడ్డలు నేడు కోరునది ఒక్క పుట. మొదట ఆ గుడ్డను దీయుడు.