యూరప్ సిమ్ముకి స్విట్జర్లాండ్‌తో కటీఫ్!

ఈ వారం ఉత్తరాల కట్టలో తెనాలి కుర్రాడి ఉత్తరం ఒకటి కంటబడింది. "డిగ్రీ అయింది, ఉద్యోగమొచ్చింది. మన పాటల్లో హీరో హీరోయిన్లు దొర్లిన స్విట్జర్లాండ్ పచ్చికలు చూసి రావాలని నలుగురు ఫ్రెండ్సుమి బయల్దేరుతున్నాం. పారిస్‌లో దిగి రైల్లో వెళ్తాం. ఫోన్‌లో డేటాకి ఇక్కడే ప్యాకు వేయించుకోవాలా, అక్కడ సిమ్ము కొనుక్కోవాలా?" ఇదీ అతగాడి ప్రశ్న.

తమ్ముడూ, సరైన మనిషినే అడిగావు. ఆ దారిలో బోర్లాపడి మోకాళ్లు దోక్కున్నవాణ్ణి నేనే!

2023 జూన్. పత్రికలకి రాసి కూడబెట్టిన డబ్బుతో పారిస్‌లో దిగాను. దిగీ దిగగానే ఓ కొట్లో 'యూరప్ సిమ్' కొన్నాను. ప్యాకెట్టు మీద యూరప్ పటం, చుట్టూ నక్షత్రాలు... చూస్తే ముచ్చటేసింది. మన సిమ్ము ఊడదీసి కాయితంలో చుట్టి పర్సులో పెట్టేశాను. రెండు రోజులు రాజభోగమే అనుకోండి. మూడో రోజు స్విట్జర్లాండ్ రైలెక్కాను. బాజెల్ స్టేషన్ వచ్చేసరికి ఫోన్‌లో మేప్ కదలడం మానేసింది. సిగ్నలు గీతలు నిండా ఉన్నాయి, డేటా సున్నా!

సిమ్ము పాడైందనుకున్నాను. కాదు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య రోమింగ్ అదనపు చార్జీలు 2017 జూన్ 15న ఎత్తేశారు. ఫ్రాన్సు సిమ్ముతో ఇటలీ పోయినా, జర్మనీ పోయినా ఇంట్లో ఉన్నట్టే. యూనియన్‌లో లేని నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్‌లకి కూడా ఆ సౌకర్యం ఉంది. స్విట్జర్లాండ్‌కి లేదు! పటంలో యూరప్ నడిబొడ్డున కూర్చుంది గానీ ఆ ఏర్పాటుకి మాత్రం బయటిదే. కొన్ని కంపెనీలు తమంతట తాము దాన్ని కలుపుతాయి, కొన్ని కలపవు. నాది కలపని బాపతు. ప్యాకెట్టు వెనకాల దేశాల పేర్లు చీమకాళ్లంత అక్షరాల్లో ఉన్నాయి. చదివితేగా!

అసలు సినిమా ఇంటర్లాకెన్‌లో మొదలైంది. నేను తీసుకున్న గదికి మనుషులుండరు. మిగతా సొమ్ము ఆన్‌లైన్‌లో కడితే తాళంపెట్టె నంబరు ఈమెయిల్లో వస్తుంది. కట్టాలంటే బ్యాంకు ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చేది పర్సులో కాయితం చుట్టుకుని నిద్రపోతున్న నంబరుకి! గుండుసూదితో గుచ్చి సిమ్ము మార్చాను. 'నో సర్వీస్'. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోలేదు మరి. ఆన్ చేసుకుందామంటే కంపెనీ యాప్ తెరవాలి, దానికి ఇంటర్నెట్ కావాలి. పక్కనున్న కాఫీకొట్టు వైఫై పట్టుకుంటే "మీ నంబరు కొట్టండి, ఎస్సెమ్మెస్‌లో కోడ్ పంపుతాం" అంది. గానుగెద్దులా తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను.

ఆ ఊళ్లో యశ్ చోప్రా విగ్రహం ఉందని తెలుసుగా? తన సినిమాల్లో స్విట్జర్లాండ్ కొండల్ని మనవాళ్లకి అంతలా చూపించినందుకు 2016లో పెట్టారు. పెట్టె పక్కన పెట్టుకుని ఆ తోటలోనే కూలబడ్డాను. "ఏవండీ, ఇటు తిరగండి, మొహం మీద నీడ పడుతోంది" అన్న ఆడగొంతు వినబడింది. తెలుగు! గుంటూరు నుంచి వచ్చిన కొత్త దంపతులు. ఆయన హాట్‌స్పాట్ ఇచ్చాడు. యాప్‌లో రోమింగ్ ఆన్ చేసుకుని ప్యాకు వేసుకున్నాను. కాసేపటికి ఓటీపీ దిగింది. గది తలుపు తెరిచి ఇంటికి ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి తొమ్మిది, మనకి పన్నెండున్నర. సాయంత్రమే చేరాల్సినవాడు పలకడం లేదని అమ్మ మా ఎడిటరుగారిని నిద్రలేపి మరీ అడిగిందట. ఆ అక్షింతలు ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి.

ఇక నీ ప్రశ్నకి వద్దాం. మన నంబరుని ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్‌లోంచి తీయొద్దు. బయల్దేరేముందే రోమింగ్ ఆన్ చేయించు. ఎస్సెమ్మెస్ అందుకోవడానికి ప్యాకు కావాలో వద్దో కంపెనీనే అడుగు. డేటా సంగతి వేరే సిమ్ము చూసుకుంటుంది. ఫోన్‌లో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కు. ఐఎంఈఐతో పాటు 'ఈఐడీ' అని 32 అంకెల నంబరు కనబడితే నీ ఫోన్‌లో ఈ-సిమ్ సదుపాయం ఉన్నట్టే. ఈ-సిమ్ అంటే కంటికి కనబడని సిమ్ము. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్ లోపలి చిప్పులోకి దిగుతుంది. ఒకే ఫోన్ ద్విపాత్రాభినయం చేస్తుందన్నమాట, ఓటీపీకి మన నంబరు, డేటాకి ఈ-సిమ్.

కొనేటప్పుడు 'యూరప్' అన్న మాట చూసి మురిసిపోవద్దు. ఫ్రాన్సు, స్విట్జర్లాండ్ రెండు పేర్లూ జాబితాలో ఉన్నాయా అని చూడు. ఇంట్లో వైఫై మీదే ఎక్కించుకో. పొరపాటున డిలీట్ చేశావో, చాలావాటికి ఆ కోడ్ రెండోసారి పనిచెయ్యదు. కొన్నిటికి ఎక్కించిన రోజు నుంచే గడువు లెక్క, కొన్నిటికి అక్కడ నెట్‌వర్కు తగిలాక. అదీ చూసుకో. దిగాక చాలామంది తడబడేది ఎక్కడంటే, డేటా రోమింగ్ ఈ-సిమ్‌కి ఆన్‌లో, మన సిమ్ముకి ఆఫ్‌లో ఉండాలి. తిరగబడితే ఈ-సిమ్ పనిచెయ్యదు, ఇక్కడ బిల్లు మాత్రం పనిచేస్తుంది! వాట్సాప్ 'నంబరు మారుస్తారా' అని అడిగితే వద్దను. పాత నంబరుతోనే నడుస్తుంది.

ఈ-సిమ్ లేని ఫోనైతే బుర్ర పాడుచేసుకోకుండా మన కంపెనీ రోమింగ్ ప్యాకే వేయించుకో. నాలుగు డబ్బులెక్కువైనా సిమ్ము పీకే పని ఉండదు. ఎంత డేటా అంటావా, మేపులకీ మెసేజీలకీ పెద్దగా ఖర్చవదు. సినిమా చూస్తేనే తంటా, ఓ మోస్తరు క్వాలిటీలో గంటకి దాదాపు 1 జీబీ హరీ. ఫొటోల బ్యాకప్పు, యాప్ అప్‌డేట్లు వైఫై మీదికి తోసెయ్. ఇంటర్లాకెన్ మేప్ ముందే దింపుకుని ఉంచుకో. విమానంలో ఫ్లైట్ మోడ్ తియ్యకు, అక్కడి నెట్‌వర్కు రేట్లు వేరు.

అన్నట్టు, ఆ గుంటూరాయనకి డేటా డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. "మా ఊళ్లో మూసేసిన థియేటరు గురించి మీ పత్రికలో ఓ ముక్క రాయండి చాలు" అన్నాడు. రెండుసార్లు గుర్తు చేశాడు కూడా. వచ్చేవారం అదే రాస్తున్నాను.