మంచుతెరలోని యేకాంతము

ఇటీవల మన విద్యార్థులలో ఛాయాచిత్రకళయం దభిరుచి హెచ్చినది. చేతిఫోను లేని యిల్లరుదైన యీ దినములలో నిది వింత గాదు. వారు మెచ్చుకొను చిత్రములలో నొక తెగ మమ్ము మిక్కిలి యాకర్షించినది. ఎల్లెడలఁ దెల్లని మంచు, నందులో నొక చెట్టు; తక్కినదంతయు ఖాళీ. ఇట్టి చిత్రములకుఁ బేరొందిన మైకేల్ కెన్నా 1953లో ఇంగ్లండున జన్మించి, జపానుదేశపు ఉత్తరద్వీపమైన హొక్కయిడోలోని హిమభూములను ఏండ్లతరబడి చిత్రించిన వాఁడు. వానిలో మనుష్యు లగపడరు. అయినను చూచువాని మనస్సు నెమ్మదించును.

మన ఆలంపురమున హిమము కురియదు. కాని పుష్యమాసపు వేకువను తుంగభద్ర యొడ్డునకుఁ బోయి చూడుఁడు. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేల తన వేఁడిని గోల్పోవఁగా, నీటిమీఁది తేమ చల్లఁబడి పొగమంచగును. ఆవలిగట్టు మాయమగును. చాళుక్యులు కట్టించిన బ్రహ్మేశ్వరాలయముల శిఖరములు నీడలవలెఁ దోఁచును. జాలరి పుట్టి నీటిపైఁ గాక గాలిలో నిలిచినట్లుండును. యంత్రమును దాని యిష్టమునకు విడిచినచో నది తెల్లని మంచును బూడిదవన్నెగాఁ జేయును; కావున వెలుఁగు నించుక హెచ్చింపవలెను. అంతకంటె ముఖ్యము, ఒంటరిగాఁ గూర్చుండి వేచియుండవలెను. అట్లు కూర్చుండిన బాలుని సోమరి యని గద్దింపవలదని తల్లిదండ్రులకు మా మనవి. నూఱు చిత్రములు తీయుటకంటె నొకదానికొఱకు వేచియుండుట మేలైన విద్య.

అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. చిత్రములోని శూన్యత యెల్లప్పుడును స్థలములోని శూన్యత కాదు. 1838లో ఫ్రాన్సుదేశీయుఁడు డగేర్ తన కిటికీనుండి పారిస్ వీథి నొకదానిని చిత్రించెను. ఆ కాలపు పలక వెలుఁగును గ్రహించుటకుఁ గొన్ని నిమిషములు పట్టెడిది. కదలుచున్న బండ్లును, నడచుచున్న జనులును దానిపై నిలువలేదు. జోళ్లకు మెఱుఁగు పెట్టించుకొనుచుఁ గదలక నిలిచిన యొక మనుష్యుఁడు మాత్రము స్పష్టముగాఁ గానవచ్చెను. సందడిగల వీథి నిర్జనమైనట్లు పడినది! యంత్రము బొంకలేదు, కదలిపోయిన వారిని నిలుపలేకపోయినది, అంతే.

మన నదీతీరమునకును ఈ మాట వర్తించును. శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. జలాశయము నిండుటకై 1981 నాఁటికి కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో శతాధిక గ్రామములు ఖాళీ చేయింపఁబడెను. కృష్ణా తుంగభద్రల సంగమమునొద్ద నుండిన కూడవెల్లి వానిలో నొకటి. అచ్చటి సంగమేశ్వరాలయమును శిలశిలగా విప్పి తెచ్చి ఆలంపురమున మరలఁ గట్టిరి. శిలలకుఁ జోటు దొరకెను. మునిఁగిన యూళ్ల జనులు మాత్రము తలకొక దిక్కునకుఁ జెదరిపోయిరి. కర్నూలువైపున నున్న మఱియొక సంగమేశ్వరాలయము నేఁటికిని వేసవిలో నీరు తగ్గఁగా బయలుపడి, వరదకాలమున మరల మునుఁగును. అది మునిఁగియున్నప్పుడు తీసిన చిత్రమున నీరు మాత్రమే కనఁబడును. మనము ఖాళీ యనుకొను ఆ తెల్లని భాగమున పొలములు, పొయ్యిలు, పెండ్లిపందిళ్లు వేసిన వాకిళ్లు నుండినవి.

చిత్రము చరిత్రగ్రంథము కాదనియు, మనస్సున శాంతి గలిగించిన చాలుననియు కొంద ఱనవచ్చును. శాంతిని మేమును గోరుదుము. కాని తెలియమిచేఁ గలిగిన శాంతి తేలికయైనది. అడుగున నేమున్నదో యెఱిఁగి చూచువానికి ఆ మౌనము మఱింత లోఁతుగాఁ దోఁచును. అతని యేకాంతములో నితరులకును జోటుండును.

కావున విద్యార్థులారా, మంచువేళ నేటియొడ్డున నొంటరిగా నిలువుఁడు. మీకుఁ దోఁచినంత ఖాళీగాఁ జిత్రము తీయుఁడు. ఇంటికిఁ బోయి దానిని మీ తాతకో అవ్వకో చూపి, అచ్చట మునుపేమి యుండెనో యడుగుఁడు. వారు చెప్పిన యూరి పేరు చిత్రము క్రింద వ్రాయుఁడు.